‘పోర్టు’ ఎక్కడి నుంచి వచ్చింది? ఒక ఇంగ్లీషు మాట పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకునే పద్ధతి

విశాఖపట్నం వన్‌టౌన్‌లో మా ఇంటికి చదువుకోవడానికి వచ్చే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక సాయంత్రం అడిగింది: “మాస్టారూ, నాన్నగారు ఫోను నంబరు వేరే కంపెనీకి పోర్టు పెట్టారండీ. మన పోర్టుకీ దానికీ సంబంధం ఏమిటండీ?”

కిటికీలోంచి చూస్తే క్రేన్లు కనిపించే పేటలో పుట్టిన పిల్ల అది. పోర్టు అంటే ఓడలు ఆగే చోటని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నంబరు ఓడ ఎక్కదు కదా అన్నది ఆమె సందేహం. జవాబు ఒక్క ముక్కలో చెప్పేయవచ్చు. కానీ జవాబు ఎలా వెతకాలో చూపిస్తే రేపు ఇంకో మాటకు నా అవసరం ఉండదు. అందుకని ఇద్దరం కలిసి వారం రోజులు ఈ ఒక్క మాట వెంట పడ్డాం. ఆ వారంలో చేసిన పనినే ఇక్కడ మెట్టు మెట్టుగా రాస్తున్నాను. మీరు ఏ మాటనైనా తీసుకోవచ్చు, కానీ చిన్న మాటనే తీసుకోండి. రోజూ నోట్లో నలిగే పొట్టి మాటలకే చరిత్ర ఎక్కువ.

కావలసినవి ఒక నోటుపుస్తకం, ఇంటర్నెట్ ఉన్న ఫోను, తొందరపడని మనసు. ఇంతే.

మొదటి మెట్టు: నిఘంటువు తెరవకముందు విన్నదంతా రాయండి

చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. మాట వినగానే ఫోనులో అర్థం వెతికి, మొదట కనిపించిన తెలుగు మాట రాసుకుని, పని అయిపోయిందనుకుంటారు. అలా చేస్తే ‘పోర్టు అంటే రేవు’ అన్న ఒక్క ముక్కే చేతికి వస్తుంది. తర్వాత ఆ ముక్క ఎక్కడా అతకదు.

మేం రైల్వే స్టేషన్ దగ్గర మొదలుపెట్టి కాన్వెంట్ జంక్షన్ మీదుగా నడుస్తూ, కంటికి కనిపించినవీ చెవిన పడినవీ రాసుకున్నాం. పోర్టు గేటు, ఎయిర్‌పోర్టు బస్సు, పాస్‌పోర్టు ఫొటోలు తీసే దుకాణం, లారీల మీద ట్రాన్స్‌పోర్టు, ఎక్స్‌పోర్టు కంపెనీ బోర్డు, స్టేషన్లో పోర్టరు, కొత్త ఇళ్ళకు పోర్టికో, సర్కారు పనులకు పోర్టల్, ఫోనుకు ఛార్జింగ్ పోర్టు, ఆసుపత్రిలో ఇచ్చే రిపోర్టు, ఎన్నికల్లో సపోర్టు. గంటన్నరలో పదకొండు మాటలు వచ్చాయి.

తర్వాత చేయాల్సిన పని ముఖ్యమైనది. ఒక్కొక్క దాని పక్కన, ఆ వస్తువు చేసే పనిని మీ సొంత తెలుగులో రాయండి. ఈ పనికి పుస్తకంలోని అనువాదం పనికిరాదు. ఆ అమ్మాయి ఇలా రాసింది: “ఛార్జింగ్ పోర్టు, తీగ దూరే కన్నం. పోర్టరు, సామాను మోసే మనిషి. పోర్టికో, గుమ్మం ముందు కప్పు. ట్రాన్స్‌పోర్టు, సరుకు ఇక్కడి నుంచి అక్కడికి మోసుకెళ్ళడం.”

ఆ పేజీ చూస్తే మాటలు వాటంతట అవే మూడు కుప్పలయ్యాయి. రేవులు ఒక కుప్ప, గుమ్మాలూ కన్నాలూ ఇంకో కుప్ప, మోతలు మరో కుప్ప. ఇంకా పాత రోమన్ల భాష లాటిన్ ఊసు ఎత్తలేదు, నిఘంటువు ముట్టుకోలేదు. తెలుగులో సరిగా వర్ణించినందుకే ఇంత తేలింది.

రెండో మెట్టు: మాట ఒకటా, రెండా?

తెలుగులో ‘పాలు’ ఉంది. ఆవు పాలు వేరు, ఆస్తిలో నా పాలు వేరు. రాత ఒకటే, మాటలు రెండు. ఇంగ్లీషులోనూ ఇంతే. మంచి నిఘంటువులు ఇలాంటి వాటిని విడివిడి పదాలుగా చూపి, పదం పక్కన చిన్న అంకె వేస్తాయి. ఆ అంకె కింద మళ్ళీ ఒకటి, రెండు, మూడు అంటూ అర్థాలు ఉంటాయి. పదం అంకె వేరు, అర్థం అంకె వేరు. ఈ తేడా పట్టుకోకపోతే మిగతా వెతుకులాట అంతా కలగాపులగం అవుతుంది.

ఈ పనికి అన్నిటికంటే పెద్దది ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ. 1857లో లండన్‌లోని ఫిలలాజికల్ సొసైటీ దానికి పూనుకుంది. 1884లో మొదటి భాగం వెలువడింది, 1928కి గానీ పూర్తి కాలేదు. 1989 నాటి రెండో కూర్పు 20 సంపుటాలు. ప్రతి అర్థానికీ అది ఎప్పటి నుంచి వాడుకలో ఉందో పాత రచనల్లోని వాక్యాలతో తేదీల వారీగా చూపించడం దాని గొప్పతనం. పెద్ద గ్రంథాలయాల్లో అడిగి చూడండి. ఇంట్లో కూర్చుని ఉచితంగా చూడాలంటే ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ చాలా వరకు సరిపోతుంది. మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువులో మాట మొదట కనిపించిన కాలం ఉంటుంది.

‘పోర్టు’ కింద మాకు కనిపించిన వేర్వేరు పదాలు ఇవి: రేవు, గుమ్మం లేదా కన్నం, ఓడకు ఎడమ పక్క, ఒక రకం ద్రాక్షసారా, మోసుకెళ్ళడం. మా మూడు కుప్పలూ ఇందులో ఉన్నాయి. ఎడమ పక్క, సారా మాత్రం మా దారిలో తగలలేదు. వాటి సంగతి తర్వాత చెబుతాను.

మూడో మెట్టు: ఏ భాష నుంచి, ఏ దారిన?

పదం కింద చదరపు కుండలీకరణాల్లోనో సన్నని అక్షరాల్లోనో ఒక వరుస ఉంటుంది. చాలామంది దాన్ని దాటేస్తారు, కానీ మనకు కావలసింది అదే. దాన్ని వెనక నుంచి ముందుకు చదవండి. చివర ఉన్నది అన్నిటికంటే పాతది.

మన మాటకు చివరన లాటిన్ మాటలు మూడు ఉన్నాయి. ‘పోర్టుస్’ అంటే రేవు. ‘పోర్టా’ అంటే ద్వారం. ‘పోర్టారే’ అంటే మోయడం. ఇప్పుడు నోటుపుస్తకంలోని కుప్పలకు పేర్లు పెట్టుకోవచ్చు.

రేవు కుప్పలోకి పోర్టు, ఎయిర్‌పోర్టు వస్తాయి. పాస్‌పోర్టు ఫ్రెంచి నుంచి వచ్చింది, రేవు దాటి పోవడానికి ఇచ్చే అనుమతి. విమానాశ్రయంలో దాన్ని చూపించేటప్పుడు మనం పలికేది ఓడల కాలం మాట.

ద్వారం కుప్పలోకి పోర్టికో, పోర్టల్, ఛార్జింగ్ పోర్టు. ఓడ పక్కన ఫిరంగి మూతి బయటికి పెట్టడానికి కోసిన కంతను కూడా ఇంగ్లీషువాళ్ళు పోర్టు అన్నారు. ఓడ గదుల గుండ్రటి కిటికీని పోర్ట్‌హోల్ అనేది అందుకే. యంత్రంలో ఆవిరి వచ్చిపోయే కన్నానికీ, ఆ తర్వాత కంప్యూటరులో తీగ గుచ్చే చోటుకూ అదే మాట పాకింది.

మోత కుప్ప అన్నిటికంటే పెద్దది. ట్రాన్స్‌పోర్టు అంటే అటు మోయడం, ఎక్స్‌పోర్టు అంటే బయటికి మోయడం, ఇంపోర్టు లోపలికి. రిపోర్టు అంటే కబురు వెనక్కి మోసుకురావడం. సపోర్టు అంటే కింద నుంచి మోయడం. ఎన్నికల్లో సపోర్టు ఇచ్చేవారు నాయకుణ్ణి భుజాల మీద మోస్తారంటే అది అక్షరాలా నిజం. స్పోర్ట్స్‌లోని ‘స్పోర్ట్’ కూడా ఇక్కడిదే. ‘డిస్‌పోర్ట్’ అనే పాత మాట తల తెగి అలా మిగిలింది. పనిలో కూరుకున్న మనసును పక్కకు మోసుకుపోయేదని దాని మూలార్థం.

అమ్మాయి ప్రశ్నకు జవాబు ఈ కుప్పలోనే ఉంది. నంబరు పోర్టు చేయడం అంటే నంబరును మోసుకుపోవడం. ఆ సౌకర్యం దేశమంతటా 2011 జనవరి 20న మొదలైంది. కంపెనీ మారినా నంబరు మన వెంటే వస్తుంది. కాబట్టి వాళ్ళ నాన్నగారు పెట్టిన పోర్టుకు దగ్గర చుట్టం స్టేషన్లోని పోర్టరు. కిటికీలోంచి కనిపించే పోర్టు దూరపు చుట్టం.

పోర్టరు దగ్గర ఒక జాగ్రత్త. సామాను మోసే పోర్టరు మోత కుప్పలోని వాడు. పాత ఇంగ్లీషు రచనల్లో కోట గుమ్మం దగ్గర నిలబడే కాపలావాణ్ణి కూడా పోర్టరు అన్నారు. అతను ద్వారం కుప్పలోని వాడు. చూడటానికి ఒక్కలా ఉండే ఇద్దరు వేరువేరు మనుషులు. రెండో మెట్టును ఎందుకు వదిలేయకూడదో దీన్ని బట్టి తెలుస్తుంది.

నాలుగో మెట్టు: లాటిన్ దగ్గర ఆగకండి

మూడు కుప్పలూ నిజంగా వేరా? రోమన్లకు పోర్టూనుస్ అనే దేవుడు ఉండేవాడు. తాళంచెవులూ ద్వారాలూ రేవులూ అన్నీ ఆయన అధీనంలోనివే. ఆగస్టు 17న ఆయన పండుగ. గుమ్మానికీ రేవుకూ ఒకే దేవుడు ఉన్నాడంటే ఆ రెండూ వాళ్ళ మనసులో పక్కపక్కన ఉన్నాయన్నమాట. రేవు అంటే సముద్రం నుంచి నేలకు గుమ్మం. భాషా శాస్త్రవేత్తలు ఈ మూడు లాటిన్ మాటలనూ ‘దాటడం, దాటించడం’ అనే అర్థం ఉన్న ఒక ప్రాచీన ఇండో యూరోపియన్ ధాతువుకు చేర్చారు. సంస్కృతం, లాటిన్ వంటి భాషలకు తల్లి అనుకునే భాషకు పెట్టిన పేరు అది.

సంస్కృతానికీ లాటిన్‌కూ గ్రీకుకూ ఒకే తల్లి ఉండి ఉండాలని ఇంగ్లీషు న్యాయమూర్తి విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చేసిన ప్రసంగం తర్వాత ఈ రకమైన పోలికలు ఊపందుకున్నాయి. అదే ధాతువు సంస్కృతంలో ‘పారం’ అయింది, అంటే అవతలి ఒడ్డు. మనం ‘పారంగతుడు’ అంటాం కదా, అవతలి ఒడ్డు చేరినవాడు. విద్యలో ఒడ్డు చేరినవాడు పారంగతుడు, పోర్టులో ఒడ్డు చేరింది ఓడ. రెండు మాటలూ ఒకే వేరు మీదివి.

ఇంకొక నియమం తెలిస్తే ఈ మెట్టు సరదాగా ఉంటుంది. సంస్కృతంలో, లాటిన్‌లో ‘ప’ ఉన్న చోట ఇంగ్లీషు సొంత మాటల్లో ‘ఫ’ ఉంటుంది. పితృ, ఫాదర్. పాదం, ఫుట్. పంచ, ఫైవ్. అయితే ‘పోర్టుస్’కు ఇంగ్లీషు సొంత రూపం కూడా ‘ఫ’తో ఉండాలి కదా? ఉంది. ‘ఫోర్డ్’. ఏరు నడిచి దాటే చోటు అని అర్థం. ఆక్స్‌ఫర్డ్ అంటే ఎద్దులు దాటే రేవు. ఇన్నాళ్ళూ ఏ నిఘంటువులో ‘పోర్టు’ వెతికామో, ఆ నిఘంటువు పేరులోనే పోర్టు చుట్టం కూర్చుని ఉంది. ఇది చెప్పినప్పుడు ఆ పిల్ల ముఖం వెలిగిన తీరు నేను మరిచిపోలేను.

ఐదో మెట్టు: తేదీలు వేయండి

కుదిరినంతవరకు ప్రతి అర్థం పక్కనా కాలం రాయండి. ఏది ముందు, ఏది వెనక అని తెలిస్తే ఒక అర్థం ఇంకో అర్థంలోకి ఎలా మారిందో కనిపిస్తుంది. ‘పోర్టు’ 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండును గెలవకముందే పాత ఇంగ్లీషులో ఉంది. రేవు అనీ, పట్టణం అనీ రెండర్థాల్లో వాడారు. మోత కుప్పలోవి ఎక్కువగా నార్మన్ల తర్వాత ఫ్రెంచి మీదుగా వచ్చాయి.

ఓడకు ఎడమ పక్కను పోర్టు అనడం ఈ మెట్టుకు మంచి ఉదాహరణ. పూర్వం ఉత్తర ఐరోపా ఓడలకు చుక్కాని వెనక మధ్యలో కాక కుడి పక్కన, పెద్ద తెడ్డులా ఉండేది. చుక్కాని ఉన్న పక్క కాబట్టి కుడి వైపు ‘స్టార్‌బోర్డు’ అయింది. అందులోని ‘స్టార్’కు నక్షత్రంతో పని లేదు, అది ‘స్టీర్’ అనే మాట. చుక్కాని గోడకు తగిలి విరగకూడదు కనుక ఓడను రేవుకు ఎడమ పక్క ఆనేలా కట్టేవారు. ఎడమ పక్కకు అప్పట్లో ‘లార్‌బోర్డు’ అని పేరు. గాలివానలో అరిస్తే స్టార్‌బోర్డు, లార్‌బోర్డు ఒక్కలా వినిపిస్తాయి. కుడి అన్నది ఎడమగా వినిపిస్తే ఓడ రాతికి కొట్టుకోవచ్చు. రేవు వైపు ఉండే పక్క కాబట్టి ‘పోర్టు’ అన్న మాట అప్పటికే నావికుల నోట ఉంది. 1844లో బ్రిటిష్ నౌకాదళం లార్‌బోర్డు మాని పోర్టు అనాలని ఆజ్ఞ ఇచ్చింది. 1846లో అమెరికా నౌకాదళమూ అదే చేసింది.

ఇది పుస్తకంలో చదివి వదిలేయకండి. విశాఖలో ఉన్నవారు కళ్ళతో చూడవచ్చు. రాత్రిపూట ప్రయాణించే ఓడ ఎడమ పక్కన ఎర్ర దీపం, కుడి పక్కన పచ్చ దీపం పెట్టాలి. చీకటి పడేవేళ రాస్ హిల్ మీద, మేరీమాత చర్చి దగ్గర నిలబడితే హార్బరు ముఖద్వారం కింద కనిపిస్తుంది. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ. లోపలికి వచ్చే ఓడకు ఊరి వైపు కుడి పక్క ఉంటుంది, కాబట్టి మనకు పచ్చ దీపం కనిపిస్తుంది. బయటికి వెళ్ళే ఓడ మన వైపు ఎడమ పక్క తిప్పుతుంది, ఎర్ర దీపం కనిపిస్తుంది. ఆ ఎర్రటి చుక్క కాలవలో మెల్లగా కదిలి సముద్రం వైపు సాగిపోతుంటే, “అదే పోర్టు పక్క” అని చూపించాను. ఇంగ్లీషువాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవడానికి పోర్టు సారా ఎరుపు అనుకుంటారు. మనకు అంత అవసరం లేదు. ఎడమ, ఎరుపు, రెండూ ‘ఎ’తోనే మొదలవుతాయి.

సారా మాటకొస్తే అది పోర్చుగల్‌లోని పోర్తో నగరం నుంచి ఎగుమతి అయ్యేది, పేరూ అక్కడిదే. ఆ ప్రాంతంలోని ‘పోర్టుస్ కాలే’ అనే రోమన్ల కాలపు రేవు పేరు మీదనే పోర్చుగల్ అనే దేశం పేరు ఏర్పడింది. మన మేస్త్రీకీ అలమారకూ ఆ మాటలు ఇచ్చినవారు ఆ దేశం వారే.

ఆరో మెట్టు: కట్టుకథలకు లొంగకండి

మాటల మీద కథలు కట్టడం అందరికీ ఇష్టం. ఇంగ్లీషులో ‘పోష్’ అంటే దర్జా అయిన అని అర్థం. దానికి ఒక కథ ఉంది. ఇంగ్లండు నుంచి ఇండియాకు వచ్చే ఓడల్లో ఎండ తగలని గదులు వచ్చేటప్పుడు ఎడమ పక్క, పోయేటప్పుడు కుడి పక్క ఉంటాయనీ, ధనవంతుల టిక్కెట్ల మీద ‘పోర్టు ఔట్, స్టార్‌బోర్డు హోమ్’ అన్న మాటల మొదటి అక్షరాలు అచ్చు వేసేవారనీ చెబుతారు. చక్కగా ఉంది. కానీ అలాంటి టిక్కెట్టు ఒక్కటి కూడా ఎవరికీ దొరకలేదు. ‘న్యూస్’ నాలుగు దిక్కుల మొదటి అక్షరాలన్నదీ ఇలాంటిదే. అది ‘న్యూ’ అన్న మాటకు బహువచనం, కొత్త సంగతులు.

ఒక పాత మాట అక్షరాలను విడదీసి ఒక్కో అక్షరానికి ఒక్కో మాట చెబితే అనుమానించండి. అలా మాటలు పుట్టించడం ఎక్కువగా ఇరవయ్యో శతాబ్దపు అలవాటు. కథ ఎంత ముచ్చటగా ఉంటే అంత గట్టిగా రుజువు అడగండి. తేదీ ఉన్న పాత వాక్యం ఒక్కటి చూపిస్తే నమ్మవచ్చు.

ఏడో మెట్టు: పక్కన తెలుగు మాట పెట్టండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన మెట్టు ఇది. పిల్లలకు ఇంగ్లీషు నేర్పేవారు దీన్ని వదిలేయడం చూస్తే బాధ కలుగుతుంది.

ఎక్స్‌పోర్టు అంటే బయటికి మోయడం అనుకున్నాం. మనం ఏమంటాం? ఎగుమతి. ఇంపోర్టుకు దిగుమతి. ఈ మాటల్లో బయటా లోపలా లేవు. ఎగు అంటే పైకి, దిగు అంటే కిందికి. ఇంగ్లీషు మాట దేశం హద్దు దగ్గర నిలబడి చూస్తుంది, సరుకు లోపలికి వచ్చిందా బయటికి పోయిందా అని. తెలుగు మాట ఓడ పక్కన నిలబడి చూస్తుంది, మూట పైకి ఎక్కిందా కిందికి దిగిందా అని. రేవులో మూట ఎత్తిన మనిషి నడుం ఆ మాటలో ఉంది. మన తీరంలో చాలాకాలం పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక దూరాన లంగరు వేసేవి. పడవల్లో అలలు దాటించి సరుకును ఓడలోకి ఎక్కించేవారు. విశాఖ రేవులోకి 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ వచ్చింది. ఆ ఏడాది డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు రేవును లాంఛనంగా ప్రారంభించారు. ఎగుమతి, దిగుమతి అన్న మాటలు అంతకంటే ఎంతో పాతవి.

‘రేవు’నూ చూడండి. ఓడరేవు, చాకిరేవు, ఏరు దాటే రేవు. లాటిన్ పోర్టుస్, ఇంగ్లీషు ఫోర్డ్ పంచుకున్న పనులను మన రేవు ఒక్కతే చేస్తుంది.

పాత ఇంగ్లీషులో పోర్టు అంటే పట్టణం అని కూడా అనుకున్నాం కదా. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, మచిలీపట్నం, నిజాంపట్నం, కృష్ణపట్నం వరుసగా పటంలో వేలు పెట్టి చూడండి, అన్నీ తీరం వెంబడే. వర్తకం సాగే రేవు ఊరిని పట్టనం అనడం పాత వాడుక. ఇప్పుడు సముద్రం లేని ఊరికి వెళ్ళినా “పట్నం వెళ్ళాడు” అంటాం. వేల మైళ్ళ దూరంలో ఉన్న రెండు భాషల్లో రేవు అన్న మాట ఊరు అన్న మాటగా మారింది. ఇది అరువు కాదు, చుట్టరికమూ కాదు. రేవు ఉన్న చోట మనుషులు ఊళ్ళు కట్టుకున్నారు, అంతే.

‘ఆపర్చ్యూనిటీ’ని కూడా ఇక్కడే పెట్టాం. ఓడను రేవు వైపు తోసే గాలిని రోమన్లు అనుకూలమైన గాలి అన్నారు, అందులోంచి అవకాశం అన్న అర్థం వచ్చింది. మనం కష్టం తీరినవాణ్ణి గట్టెక్కాడంటాం, ఒడ్డున పడ్డాడంటాం. తెలుగు మాటలకు బ్రౌన్ నిఘంటువు ఆంధ్రభారతి సైటులో ఉచితంగా ఉంది, పక్కన తెరిచి ఉంచుకోండి.

ఎనిమిదో మెట్టు: ఒక్క పేజీలో రాయండి

దొరికినదంతా రాయకండి. మాట, దాని మూలాలు, ఒక్కో మూలం కింద మీరు నిజంగా విన్న వాడుకలు, కాలం, పక్కన తెలుగు మాట. మీరు రుజువు చూడనిది పేజీలోకి రాకూడదు.

ఆ అమ్మాయి తన పేజీ రాసుకుని, అడుగున వాళ్ళ నాన్నగారి కోసం ఒక వాక్యం చేర్చింది: “నంబరు ఓడ ఎక్కలేదు, పోర్టరు భుజం ఎక్కింది.” మర్నాడు వచ్చి, “హార్బరు అంటే కూడా రేవే కదండీ, మళ్ళీ రెండు మాటలు ఎందుకండీ?” అంది. పాత ఇంగ్లీషులో ఆ మాటకు సైన్యం తలదాచుకునే చోటు అని అర్థం, అందులో ఓడ ఊసే లేదు అని మాత్రం చెప్పి, కొత్త పేజీ తీయమన్నాను.